వాగు పొంగి పొలంలో ఇసుక మేట వేసింది. తీయించడానికి ప్రభుత్వం ఏమైనా ఇస్తుందా?

వాగొడ్డు పొలం (ఉప్పల్)

అందరికీ నమస్తే. నేను ఉప్పల్‌లో ఉంటాను, హబ్సిగూడలో ఒక డయాగ్నొస్టిక్ సెంటర్‌లో పని చేస్తాను. మాది కామారెడ్డి జిల్లా. ఊరి పేరు, మండలం పేరు ఇక్కడ రాయడం లేదు. మా బాపు (నాన్న) అదే ఊళ్లో అదే ఆఫీసు చుట్టూ తిరగాలి కదా.

బాపు పేరు మీద 3 ఎకరాల 12 గుంటలు ఉంది. అందులో ఎకరన్నర వాగును ఆనుకుని ఉంటుంది. 2025 ఆగస్టు 27న, వినాయక చవితి రోజు, అటువైపు పడ్డ వాన సంగతి మీ అందరికీ తెలుసు. ఇక్కడ మా గల్లీ మండపంలో పూజ మొదలవుతుండగా అమ్మ ఫోన్ చేసింది. "వాగు మన మడిలకెల్లి పోతాంది బిడ్డా" అంది. ఆ తర్వాత రెండు రోజులు ఫోన్ కలవలేదు. హైవే మీద బండ్లు ఆగిపోయాయి, రైళ్లు రద్దయ్యాయి. 31న, ఆదివారం, నేను ఊరు చేరాను.

పొలం దగ్గర నిలబడితే మాది ఎక్కడ మొదలవుతుందో నాకు తెలియలేదు. ఒరాలు (గట్లు) లేవు. మోకాలెత్తు వరి ఉండాల్సిన చోట తెల్లటి ఇసుక, ఎండకు కళ్లు చెదిరేలా. బోరు పైపు మూతి ఒక్కటే జానెడు పైకి కనిపిస్తోంది. స్టార్టర్ డబ్బా పక్కింటివాళ్ల చేనులో దొరికింది. వాగు వైపు ఒడ్డు కోసుకుపోయి దాదాపు 6 గుంటల నేల లేనే లేదు.

బాపు ఏమీ మాట్లాడకుండా గడ్డపార తెచ్చి అక్కడక్కడ గుచ్చుకుంటూ పోయాడు. ఇసుకలో అది జర్రున దిగుతుంది, కింద మా నల్లమట్టి తగలగానే ఆగుతుంది. పైకి లాగితే మొనకు నల్లటి ముద్ద అంటుకుని వస్తుంది. ఇసుక ఎక్కడిదాకా వచ్చిందో గడ్డపార మీద బొటనవేలు పెట్టి చూపిస్తుంటే నేను అమ్మ కుట్టుమిషన్ టేపుతో కొలిచి ఫోన్‌లో రాసుకున్నాను. తొమ్మిది చోట్ల చూశాం. బోరు మూలలో 22 అంగుళాలు, మధ్యలో 9, 10, రోడ్డు వైపు 3, 4.

పంట నష్టం రాసుకోవడానికి మనిషి వచ్చాడు. రోడ్డు మీదే నిలబడి, "వరి, ఎకరం 20 గుంటలు, మొత్తం పోయింది" అని రాసుకుని వెళ్లిపోయాడు. ఇసుక గురించి బాపు అడిగితే, "అది నా ఫారంలో లేదు" అన్నాడట. ఆ మాట నన్ను వారం రోజులుగా తినేస్తోంది. ఈ ఒక్క పంట పోతే పోయింది అనుకోగలం. ఇసుక అలాగే ఉంటే యాసంగి లేదు, వచ్చే వానాకాలం లేదు.

జేసీబీకి గంటకు 1,200, ట్రాక్టర్‌కు ట్రిప్పుకు 300 అడుగుతున్నారు. మొత్తం లక్షన్నర దాటుతుంది అంటున్నారు. బాపు అప్పు మాట్లాడేశాడు, ఈ ఆదివారమే పని మొదలు. బతుకమ్మకు ముందే నేల బయటపడాలని ఆయన పట్టుదల.

మా మేనబావ టెక్సస్‌లో ఉంటాడు. అక్కడ వరదకు పొలం పాడైనా, పశువుల కంచె కొట్టుకుపోయినా బాగు చేసుకునే ఖర్చులో ముప్పావు వంతు ప్రభుత్వమే ఇస్తుందని చెప్పాడు. నిజమేనా? మన దగ్గర అలాంటిది ఏమైనా ఉందా? పంట నష్టం గురించి కాదు నేను అడిగేది, నేల బాగు చేసుకోవడానికి. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. ఈ టెన్షన్‌తో డ్యూటీలో కూడా మనసు నిలవడం లేదు.

---

పాత వ్యవసాయాధికారి (వనస్థలిపురం)

అమ్మా, మిగతాది తర్వాత చదువు. ముందు నాన్నగారికి ఫోన్ చేసి ఆదివారం జేసీబీ ఆపించు. ఇసుక తీసేశాక ఎంత మందం ఉండేదో ఎవరూ ధ్రువీకరించలేరు. నా సర్వీసులో ఇలా నష్టపోయిన రైతులను చాలామందిని చూశాను. కష్టపడి, అప్పు చేసి పొలం శుభ్రం చేసుకున్నవాడికే పైసా రాకపోవడం చూసి చాలా బాధపడ్డాను.

నీ ప్రశ్నకు జవాబు: ఉంది. చిన్న మొత్తమే, కానీ ఉంది. విపత్తు సాయానికి కేంద్ర హోం శాఖ ఒక పట్టిక ఇస్తుంది. నేను చెప్పేది 2022-23 నుంచి 2025-26 వరకు అమల్లో ఉన్న పట్టిక. రాష్ట్ర విపత్తు నిధి నుంచి దేనికి ఎంత ఇవ్వాలో అందులో ఉంటుంది. పంట నష్టం ఒక పద్దు, భూమి నష్టం ఇంకో పద్దు. సాగు భూమిలో ఇసుక లేదా మట్టి మేట 3 అంగుళాలకు మించి ఉంటే, దాన్ని తీయించుకోవడానికి హెక్టారుకు 18,000 రూపాయలు. రైతుకు వచ్చేది 2,200 కంటే తగ్గకూడదు. 2 హెక్టార్ల లోపు భూమి ఉన్న రైతులకు ఇది వర్తిస్తుంది. మీది ఒకటిన్నర హెక్టారు కూడా లేదు కాబట్టి ఆ విషయంలో అడ్డు లేదు.

ఇక్కడ ప్రాణం అంతా ఆ 3 అంగుళాల మాటలోనే ఉంది. ఆ మందాన్ని ప్రభుత్వం తరఫున అధికారం ఉన్నవాళ్లు ధ్రువీకరించాలి. పంట నష్టం రాసేవాళ్ల దగ్గర ఉండేది పంట పేరు, విస్తీర్ణం, ఎంత శాతం పోయింది అన్న గళ్లే. అందుకే మీ ఊరికి వచ్చిన మనిషి అలా అని ఉంటాడు. అడిగితేనే ఈ రెండో పద్దు కదులుతుంది. ఎవరూ అడగరు, అదీ దౌర్భాగ్యం.

వాగు కోసుకుపోయిన 6 గుంటల సంగతి కూడా వదలకండి. నది దారి మళ్లి భూమిలో గణనీయమైన భాగం పోతే చిన్న, సన్నకారు రైతుకు హెక్టారుకు 47,000, కనీసం 5,000 అని అదే పట్టికలో ఉంది. రెవెన్యూ రికార్డులో భూమి రైతు పేరున ఉండాలి. 6 గుంటలను "గణనీయమైన భాగం" అంటారా అనేది తహశీల్దారు నిర్ణయం మీద ఆధారపడుతుంది. కానీ దరఖాస్తులో రాయనిదాన్ని ఆయన మాత్రం ఎలా చూస్తాడు?

రేపే తహశీల్దారుకు ఒక దరఖాస్తు, దాని నకలు మండల వ్యవసాయ అధికారికి ఇవ్వండి. సర్వే నంబరు, విస్తీర్ణం, మీరు కొలిచిన తొమ్మిది లెక్కలు అన్నీ రాయండి. ముట్టినట్టు స్టాంపు వేయించుకోకుండా అక్కడి నుంచి కదలొద్దు. వ్యవసాయ విస్తరణాధికారిని, రెవెన్యూ వాళ్లను పొలంలోకి రప్పించి, గుంతలు తవ్వి, టేపు పెట్టి కొలిపించి, ఇద్దరు పక్క రైతుల సంతకాలతో పంచనామా రాయించండి. ఫొటోల్లో తేదీ, స్థలం పడాలి, టేపు మీద అంకెలు కనిపించాలి. నువ్వు రాసుకున్నట్టే చోటు చోటుకూ వేరే లెక్క ఉండాలి. "సుమారు అడుగు" అని రాస్తే ఒప్పుకోవద్దు. రాకుండా తిప్పుతుంటే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి (జనం అర్జీలు తీసుకునే కార్యక్రమం) ఉంది. నువ్వు హైదరాబాద్‌లోనే ఉన్నావు కాబట్టి మంగళ, శుక్రవారాల్లో ప్రజాభవన్‌లో కూడా ఇవ్వొచ్చు. పంచనామా నకలు ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అడుగు. మండల ఆఫీసులో దరఖాస్తు ఫీజు 5 రూపాయలే.

ఇంకో మాట. ఇదే పనికి వేరే పథకంలో సాయం తీసుకుంటే, ఈ 18,000 రాదని నిబంధన. ఉపాధి హామీ కింద సన్నకారు రైతుల పొలాల్లో పనులు చేయించవచ్చు. కానీ అందులో కూలీలతోనే చేయించాలి, జేసీబీలకు చోటు లేదు. 22 అంగుళాల ఇసుకను తట్టలతో మోయించే సరికి యాసంగి దాటిపోతుంది. అందుకే దేని కింద అడుగుతున్నారో ముందే తేల్చుకోండి.

నీకు అబద్ధపు ఆశ పెట్టలేను. ఎకరన్నరకు 18,000 లెక్కన వచ్చేది దాదాపు 10,900. మందం సగటున 9 అంగుళాలు అనుకున్నా మీ పొలంలో ఉన్నది 1,390 క్యూబిక్ మీటర్ల ఇసుక. ట్రాలీకి 3 క్యూబిక్ మీటర్లు వేసుకుంటే 460 ట్రిప్పులు. అంటే ప్రభుత్వం ఇచ్చేది ట్రిప్పుకు 24 రూపాయలు కూడా కాదు. ఈ రేటు పెంచాలని ఉద్యోగంలో ఉన్నప్పుడూ మీటింగుల్లో చెప్పాను, ఇప్పుడూ చెబుతాను.

---

రాత్రి షిఫ్టు (గచ్చిబౌలి)

అక్కా, మీ మేనబావ చెప్పింది నిజమే. నేను ఇక్కడ రాత్రి 7 నుంచి తెల్లారుజాము 4 దాకా నెబ్రాస్కా రైతుల పద్దులు చూసే ఒక అకౌంటింగ్ ఆఫీసు పని చేస్తాను. వాళ్లకు అప్పుడు పొద్దున ఎనిమిదిన్నర. ఈ పథకం కాగితాలు నా చేతి మీదుగా చాలా వెళ్లాయి కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

దాని పేరు ఎమర్జెన్సీ కన్జర్వేషన్ ప్రోగ్రామ్. 1978 నాటి వ్యవసాయ రుణ చట్టం కింద వచ్చింది. అమెరికా వ్యవసాయ శాఖలో ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ అనే విభాగం నడుపుతుంది. పంట పోతే ఇందులో ఒక్క డాలర్ కూడా రాదు, దానికి ఇన్సూరెన్సూ వేరే పథకాలూ ఉన్నాయి. ఇది అచ్చంగా మీరు అడిగినదే: వరద, తుఫాను, సుడిగాలి, కార్చిచ్చు, కరువు లాంటి వాటి వల్ల నేల దెబ్బతింటే దాన్ని మళ్లీ సాగుకు తేవడానికి. చెత్తా చెదారం, మేట తీయడం, కోసుకుపోయిన నేల చదును చేయడం, కంచెలు మళ్లీ వేయడం, గట్లూ కాలువలూ బాగు చేయడం ఇందులోకి వస్తాయి. తీవ్రమైన కరువులో పశువులకు నీళ్లు అందించే ఏర్పాట్లకు కూడా ఇస్తారు. అక్కడ వేల ఎకరాల గడ్డి భూముల్లో ఆవుల మందలు మేపే రాంచర్లకు కంచె పోవడం అంటే మనకు బోరు పోయినట్టే.

2019 మార్చిలో నెబ్రాస్కాలో పెద్ద వరద వచ్చింది. నయోబ్రారా నది మీద స్పెన్సర్ డ్యామ్ కొట్టుకుపోయింది. నదుల పక్క పొలాల్లో ఇసుక మేటలు వేసింది. ఆ ఫొటోలు ఫైళ్లలో చూశాను, మీరు రాసిన తెల్లటి ఇసుక అదే. మొక్కజొన్న మోళ్ల మీద ఇసుక, మధ్యలో మంచు గడ్డలు. అప్పటి ఫైళ్లలో ఒకటి నాకు బాగా గుర్తుండిపోయింది. ఒక పెద్దాయన కంచె పోతే ఆవులు రోడ్డెక్కుతాయని భయపడి, దరఖాస్తు పెట్టకముందే కొత్త స్తంభాలు పాతేశాడు. బిల్లులన్నీ ఉన్నాయి, పని బాగా చేశాడు. కానీ పాత నష్టాన్ని ఎవరూ వచ్చి చూడలేదు. ఆ భాగానికి డబ్బు రాలేదు. కొన్ని విపత్తుల్లో కొన్ని పనులు ముందే మొదలుపెట్టుకోవచ్చని మినహాయింపు ఇస్తారు. లేకపోతే దరఖాస్తు, తర్వాత పొలం తనిఖీ, పర్యావరణ పరిశీలన, ఆమోదం, ఆ తర్వాతే పని. పైన సార్ చెప్పిన "ముందు కొలిపించు, తర్వాత తీయించు" అక్కడ కూడా అంతే.

డబ్బు ఇచ్చే తీరు మాత్రం వేరు. ఎకరాకు ఇంత అని ఉండదు. ఆమోదించిన ఖర్చులో 75 శాతం వరకు ఇస్తారు. ఆదాయం తక్కువ ఉన్న రైతులకు, కొత్తగా వ్యవసాయం మొదలుపెట్టినవాళ్లకు 90 శాతం వరకు. పని అయ్యాక బిల్లులు, రసీదులు పెట్టాలి. రైతు సొంత ట్రాక్టర్ నడిపిన గంటలు, సొంత చాకిరీ కూడా లెక్కలోకి వస్తాయి, దానికి వేరే రేట్లు ఉన్నాయి. ఆ గంటల కాగితాలు టైప్ చేస్తున్నప్పుడల్లా మా నాన్న గుర్తొస్తాడు. పార పట్టుకుని ఆయన చేసిన పనికి ఎక్కడా, ఏ కాగితం మీదా లెక్క లేదు.

2018 ఫార్మ్ బిల్లు (అక్కడి వ్యవసాయ చట్టం) తర్వాత కంచెల పనికి వచ్చే సాయంలో 25 శాతం వరకు ముందే తీసుకునే వీలొచ్చింది. 60 రోజుల్లో ఖర్చు పెట్టకపోతే తిరిగి కట్టాలి. చేతిలో డబ్బు లేనివాడికి ఆ పావు వంతే దిక్కు. పరిమితులు కూడా ఉన్నాయి. ఒక విపత్తుకు ఒక మనిషికి 5 లక్షల డాలర్లకు మించదు. ఆ భూమికి వ్యవసాయపరంగా ఉన్న విలువలో సగానికి మించదు. వరద రాకముందు నుంచే ఉన్న లోపాలకు ఇవ్వరు.

నాకు అన్నిటికంటే నచ్చింది ఒకటుంది. ఎవరికి ఇవ్వాలో తేల్చేది కౌంటీ (మన జిల్లా లాంటిది) కమిటీ. ఆ కమిటీలో ఉండేది అక్కడి రైతులు ఎన్నుకున్న రైతులే. ఏ వాగు ఎటు పొంగుతుందో వాళ్లకు తెలుసు. రోడ్డు మీద నిలబడి రాసుకుని వెళ్లడం వాళ్ల మధ్య కుదరదు.

అక్కడ అంతా సుఖమే అనుకోకండి. ఈ పథకానికి ఏటా ఖాయంగా నిధులు ఉండవు. పెద్ద విపత్తు వచ్చాక అమెరికా పార్లమెంటు విడిగా డబ్బు కేటాయిస్తేనే కదులుతుంది. ఆమోదం వచ్చి కూడా ఎదురుచూసినవాళ్లను ఫైళ్లలో చూశాను.

---

మోరంచవాగు రైతు (భూపాలపల్లి)

చెల్లీ, 2023 జులైలో మా మోరంచవాగు పొంగినప్పుడు నేను ఇదే బాధ పడ్డా. మాది సొంత భూమి ఎకరం, కౌలుకు రెండెకరాలు. ఇసుక ఎక్కువ పడింది కౌలు భూమిలోనే. పట్టాదారు హైదరాబాద్‌లో ఉంటాడు. కాగితాల మీద నష్టం ఆయనది, అప్పు నాది. రాత్రి షిఫ్టు తమ్ముడూ, అమెరికాలో కౌలు రైతుకు ఇస్తారా? ఇది తెలుసుకోవాలని ఉంది.

పని గురించి మాత్రం నాకు తెలిసింది చెప్తా. మొత్తం పొలానికి ఒకటే పని చేయించకు. రోడ్డు వైపు 3, 4 అంగుళాలు ఉన్న చోట తీయించడం డబ్బు దండగ. కొలతలు రాయించుకున్నాక లోతు దుక్కి దున్నిస్తే కింది నల్లమట్టి పైకొచ్చి ఇసుకతో కలుస్తుంది. నల్లరేగడికి కొంచెం ఇసుక కలిస్తే చెడ్డేం కాదు, నీళ్లు ఇంకుతాయి. మధ్యలో 9, 10 ఉన్న చోట సగం తీయించి సగం దున్నించు. బోరు మూల 22 అంగుళాలు మాత్రం మొత్తం తీయాల్సిందే. ఇలా చేస్తే మీ 460 ట్రిప్పులు సగానికి దిగుతాయి. నేను మొదటి ఎకరం అంతా ఊడ్చినట్టు తీయించి 70 వేలు పోగొట్టుకున్నా. రెండో ఎకరానికి వచ్చేసరికి తెలివొచ్చింది.

జేసీబీ డ్రైవర్‌కు పక్కనే నిలబడి చెప్పాలి. వాడికి గంటలే లెక్క, బకెట్ లోతుకు దింపితే ఇసుకతో పాటు మీ నల్లమట్టి కూడా పోతుంది. ఆ మట్టి తయారు కావడానికి మీ తాతలు ఎన్నేళ్లు పశువుల ఎరువు తోలారో. నేను కర్రలు పాతి, ఒక్కో కర్రకు ఎక్కడిదాకా ఇసుకో అక్కడ ఎర్రగుడ్డ కట్టిన. డ్రైవర్ గుడ్డ చూసుకుని పని చేసిండు.

తీసిన ఇసుక ఊళ్లో అమ్ముకుందామని చూడకు. రోడ్డెక్కితే గనుల శాఖ అనుమతి కావాలి, లేకుంటే ట్రాక్టర్ పట్టుకుంటారు. పంజాబ్‌లో మాత్రం 2025 సెప్టెంబరు 8న, ఎవరి పొలంలో ఇసుక వాళ్లే తీసి అమ్ముకోవచ్చని కేబినెట్ నిర్ణయం తీసుకుంది. మన దగ్గర కూడా అలాంటిది కావాలని అడగాలి. వరద మన పంట ఎత్తుకపోయి ఇసుక ఇచ్చి పోయింది, ఆ ఇసుక అన్నా మనకు దక్కాలి కదా.

తీశాక మొదటి కారు వరి వేయొద్దు, నీళ్లు నిలవవు. మధ్య భాగంలో పుచ్చ గానీ పల్లి గానీ పెట్టి చూడండి. ఎండాకాలం చెరువు మట్టి దొరికితే తోలించండి.

---

రాత్రి షిఫ్టు (గచ్చిబౌలి)

అన్నా, ఇస్తారు. యజమానా, కౌలుదారా, పాలుకు చేసేవాడా అని ఆగిపోరు. ఆ పొలం మీద వ్యవసాయం చేస్తూ, బాగు చేసే ఖర్చు భరించేది ఎవరైతే వాళ్లు దరఖాస్తు చేయొచ్చు. ఎవరికి ఎంత ముట్టిందో కూడా దాచరు. ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్ అనే సంస్థ ప్రభుత్వం దగ్గర లెక్కలు తీసుకుని ఊరి వారీగా, పేరు వారీగా ఇంటర్నెట్‌లో పెడుతుంది. మన పంచాయతీ గోడ మీద కూడా అలాంటి జాబితా ఒకటి అతికిస్తే, నష్టపోయిన కౌలు రైతు పేరు లేదన్న సంగతి అందరికీ కనిపిస్తుంది.

---

వాగొడ్డు పొలం (ఉప్పల్)

అందరికీ పేరు పేరునా దండాలు. ఏం జరిగిందో చెప్పాలి కదా, అందుకే మళ్లీ రాస్తున్నాను.

సార్ రాసింది చదవగానే బాపుకు ఫోన్ చేశాను. అడ్వాన్స్ ఇచ్చేశాను, ఆపితే పోతుంది అన్నాడు. సార్ రాసింది మొత్తం ఫోన్‌లో చదివి వినిపించాను. 3 అంగుళాల మాట దగ్గర ఆపి, "మళ్లీ చదువు" అన్నాడు. జేసీబీ ఆయన మంచివాడు, అడ్వాన్స్ అట్లనే ఉంచుకుని ఇంకో రోజు వస్తానన్నాడు.

నేను సెలవు పెట్టి వెళ్లాను. దరఖాస్తు ఇస్తే మొదట తీసుకోలేదు, పంట నష్టం రాశారు కదా అన్నారు. "పంట కాదు సార్, భూమిలో మేట, వేరే పద్దు" అని చెప్పాను. ఆ మాట అనేటప్పుడు నా గొంతు వణికింది, కానీ అన్నాను. అక్కడ ఒకాయన కంప్యూటర్‌లో వెతికి, పక్కాయనకు చూపించి, స్టాంపు వేసి ఇచ్చాడు. సోమవారం ప్రజావాణిలో కూడా బాపుతో ఇప్పించాను.

బుధవారం ఇద్దరు వచ్చారు. ఈసారి చెప్పులు విప్పి పొలంలోకి దిగారు. బాపు ముందే తొమ్మిది చోట్లా గుంతలు తవ్వి పెట్టాడు. గుంత గోడలో పైన ఇసుక, కింద నల్లమట్టి, మధ్యలో నలిగిపోయిన వరి ఆకులు పచ్చగానే చారలాగా కనిపించాయి. ఆ చార దగ్గర టేపు పెట్టి ఫొటోలు తీశారు. వచ్చినవాళ్లలో చిన్నాయన ఆ ఆకులను వేలితో ముట్టుకుని కాసేపు అలాగే కూర్చుండిపోయాడు. పంచనామాలో తొమ్మిది లెక్కలూ రాశారు. మొదటి గుంత 21 వచ్చింది, మేం కొలిచింది 22. బాపు 21కే సంతకం పెట్టాడు. కోసుకుపోయిన 6 గుంటలు కూడా రాశారు, సర్వేయర్ రావాలి అన్నారు.

మా పక్కన ఏడుగురివి ఇలాంటి పొలాలే. వాళ్ల దరఖాస్తులు కూడా నేనే రాసిపెట్టాను. అందులో ఇద్దరు కౌలుకు చేసేవాళ్లు. పట్టాదారుల సంతకం కోసం ఒకరు బోడుప్పల్, ఒకరు మియాపూర్ పోవాల్సి ఉంది. ఈ ఆదివారం నేనే తీసుకెళ్తాను. ఇలా పట్టాదారు సంతకంతో కౌలు రైతు పేరు కూడా దరఖాస్తులో చేర్చితే పనికొస్తుందా సార్? లేక పట్టాదారు పేరు మీదే పెట్టి, డబ్బు వచ్చాక ఇచ్చేలా విడిగా కాగితం రాయించుకోవాలా?

భూపాలపల్లి అన్న చెప్పినట్టు రోడ్డు వైపు దున్నించడమే. కర్రలు పాతి గుడ్డలు కట్టాం, ఎర్రవి సరిపోకపోతే అమ్మ పాత చీర చింపింది. జేసీబీ శుక్రవారం వస్తోంది. బోరు మూల మాత్రం పారతోనే తీస్తానంటున్నాడు బాపు. భూమిలో పైపు ఎటు వంగి ఉందో ఆయనకే తెలుసు.